లేని కోట మీద దండయాత్ర

హేమకుండ రాజ్యానికి సేనాపతి అయిన ఉద్దండవర్మ కత్తి దూసి ఒక పిల్లిని కూడా బెదిరించిన పాపాన పోలేదు. అయినా ఆయన పేరుకు ముందు ‘శతశీర్షనాగమర్దన’ అనే బిరుదు ఉండేది. ఆ బిరుదు వెంట రెండు గ్రామాలూ, చేతికి ఒక బంగారు కడియమూ వచ్చాయి. ఆయన మర్దించిన నూరు తలల నాగు గజకేతు మహారాజుగారి చిత్రశాలలో, నేల మీద పరిచిన పటంలో, బొటనవేలంత ఉండేది. దాన్ని ఆయన పాచికలు వేసి చంపాడు.

ఈ విడ్డూరానికి దిగ్విజయక్రీడ అని పేరు. భోజనాలయ్యాక రాజూ సామంతులూ ఆ పటం చుట్టూ దిండ్లకు చేరగిలబడేవారు. ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుడి పేరు పెట్టుకొని, పటంలోని అడవులూ కొండలూ దాటుతూ, పాచికలు పడిన తీరును బట్టి రాక్షసులను చంపుతూ, నిధులు కొల్లగొడుతూ పొద్దుగుంకేదాకా గడిపేవారు. మెట్టు దిగాలంటే ఇద్దరి భుజాలు కావలసిన గజకేతు మహారాజు అక్కడ అజేయుడనే మహావీరుడు. ఒక్క గంతులో అగడ్త దాటేవాడు. రాజపురోహితుడు గజదొంగ పాత్ర తీసుకున్నాడు. అందుకోసం ఆయన పెద్దగా మారవలసిన అవసరం లేకపోయింది. ఆటలో ఎవరైనా ఘనకార్యం చేస్తే నిజంగానే బిరుదు ఇచ్చి, నిజం గ్రామాలే రాసివ్వడం మహారాజుకు అలవాటు. బయట ఆ గ్రామాల్లో వానలు పడ్డాయో లేదో అడిగిన వాడు లేడు.

ఆ పటం గీసేవాడి పేరు మకరందుడు. చింతగింజల గంజి పట్టించి, గవ్వతో మెరుగుపెట్టిన నూలుగుడ్డ మీద, ఉడుత తోక వెంట్రుకల కుంచెతో అతను కొండ గీస్తే ఆ కొండ మీద మబ్బు ఆగి ఉన్నట్లే తోచేది. ఏరు గీస్తే చూసేవాడికి దాహం వేసేది. ఆటగాళ్ళు పటం అంచుకు చేరేసరికి అతను ముందున్న దేశాన్ని గీసి సిద్ధంగా ఉంచాలి. అవన్నీ లేని దేశాలు. అతను నగరపు తూర్పు ద్వారం దాటి ఎరగడు. మకరందుడికి ఈ ప్రపంచంలో గౌరవించదగ్గ మనిషి ఒక్కడే కనిపించేవాడు. కుంచె కడుక్కోవడానికి నీళ్ళగిన్నె మీదికి వంగినప్పుడు మాత్రమే ఆ మనిషి దర్శనమిచ్చేవాడు. మిగతా రాజ్యమంతా అతని లెక్కలో దిండ్లకు ఆనుకొని కూర్చున్న దిండ్లే.

ఒకనాడు ఆట మంచి రసపట్టులో ఉండగా ఒక ముత్యాల వర్తకుడు వచ్చాడు. పొడుగాటి మనిషి. పట్టు అంగరఖా, చెవులకు నీలాల పోగులు. తనకూ ఆడాలని ఉందని వినయంగా అడిగాడు. కొత్త ఆటగాడు దొరికాడని మహారాజు పొంగిపోయి పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వర్తకుడు చెప్పులు విడిచినప్పుడు అతని అరికాళ్ళు ఆకుపచ్చగా ఉండటం మకరందుడు చూశాడు. చవకరంగు జోళ్ళు తొడిగి పట్టు అంగరఖా వేసుకున్నాడని మనసులోనే ఈసడించి ఊరుకున్నాడు.

వర్తకుడు తన సొంత పాచికలు తీసి వేశాడు. అవి నేల మీద దొర్లుతుంటే చిత్రశాల కిటికీలన్నీ వాటంతటవే మూసుకున్నాయి.

"ప్రభూ, తమ అజేయుడు కాకశృంగ దుర్గంలో బందీ అయిపోయాడు" అన్నాడతను.

మహారాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా గదిలో ఉండగానే పచ్చని పొగ ఒకటి లేచి ఆయనను చుట్టేసింది. పొగ విడిపోయాక అక్కడ దిండు మీద పడ్డ గుంట మాత్రం మిగిలింది. వర్తకుడూ లేడు. కప్పు నుంచి గొంతు వినిపించింది. "నా పేరు కాలజంఘుడు. మీ రాజు కావాలంటే కాకశృంగానికి వచ్చి తీసుకుపొండి."

సభ చేరింది. మకరందుడు లేచి, విసుగు దాచుకోకుండా, ఉన్న సంగతి చెప్పాడు. కాకశృంగం అనే దుర్గం భూమి మీద ఎక్కడా లేదు. పటంలో ఈశాన్యపు మూల బోసిగా ఉందని తాను ఒక కోట గీశాడు. ఆ సమయానికి కిటికీలో కాకి వాలి ఉంది కనుక ఆ పేరు పెట్టాడు. అక్కడికి పోయే దారి, దారిలో ఉన్న పారిజాతవనం, దాని పక్క మంచినీటి సరస్సు, అన్నీ అంతే. మాంత్రికుడు సైన్యాన్ని పక్కదారి పట్టించడానికే ఆ పేరు పలికాడు.

సభలో ఒక్కొక్కరి చూపూ మెల్లగా వారి వారి చేతి కడియం మీదికి పోయింది. కాకశృంగం లేకపోతే దాని దారిలో చచ్చిన రాక్షసులూ లేనట్టే. రాక్షసులు లేకపోతే బిరుదులు లేవు. బిరుదులు పోతే గ్రామాల మాటేమిటి?

ఉద్దండవర్మ గొంతు సవరించుకున్నాడు. "కాకశృంగం అబద్ధమైతే నూరుతలల నాగూ అబద్ధమే కావాలి. మరి నేను చంపింది దేన్ని?"

"నా పచ్చరంగును, దండనాయకా. చిప్పలకు చిప్పలు ఖర్చయింది."

ఆ మాటతో మకరందుడి తలరాత తేలిపోయింది. వీడు శత్రువులకు అమ్ముడుపోయాడని పురోహితుడు తేల్చాడు. వీడి చేతులు కట్టి, కంచరగాడిద మీద ఎక్కించి, పటంతో సహా సైన్యానికి ముందు నడిపించాలని సేనాపతి తీర్మానించాడు. లేని కోటను ముట్టడించడానికి హేమకుండ సైన్యం భేరీలు మోగిస్తూ బయలుదేరింది.

మహారాజుగారి ఏకైక కుమార్తె వైజయంతి తానూ వస్తానంది. తండ్రిని విడిపించడం ఆడవారి పని కాదని సేనాపతి ఆమెను అంతఃపురంలో పెట్టి తలుపులు వేయించాడు. కిటికీలు వేయించడం మాత్రం మరిచాడు.

దారిలో కొన్నాళ్ళకు, ఎండకు కళ్ళు మసకలు కమ్ముతున్న మకరందుడి పక్కకు ఒక బల్లెపు రౌతు గుర్రాన్ని తెచ్చాడు. తలపాగా కనుబొమల దాకా దిగి ఉంది. మేకవెంట్రుకల మీసం ఒకవైపు ఊడి వేలాడుతోంది.

"నీ పటంలో ఈ ఎండ గీయలేదేం?" అన్నాడు రౌతు.

ఆ గొంతు మకరందుడు గుర్తుపట్టాడు. చిత్రశాల గుమ్మంలో నిలబడి లోపలి వారందరినీ చూసి ముక్కు చిట్లించుకొని, ఒక మాట విసిరి వెళ్ళిపోయే రాజకుమారి గొంతు అది. మీసం సరిచేసుకోమని మెల్లగా చెప్పాడు. వైజయంతి సరిచేసుకొని, నువ్వు గీసిన కొండల్లో ఒక్కటైనా ఎక్కావా అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా గుర్రాన్ని ముందుకు తోలింది.

పటం ప్రకారం పారిజాతవనం రావలసిన చోటికి సైన్యం చేరింది. అక్కడ కనుచూపు మేర నల్లని బురద. దాని మీద కుళ్ళిన తుంగ, పేడరంగు నురుగు. గాలి వీచిందంటే గుర్రాలు సైతం ముఖం తిప్పుకునే కంపు. అది పారిజాతాల పరిమళమేనని సేనాపతి ప్రకటించాడు. దేవలోకపు పూల వాసన మానవుల ముక్కులకు ఇలాగే తోస్తుందని పురోహితుడు వివరణ ఇచ్చాడు. మకరందుడు అరిచి చెప్పాడు, రాజమాతకు పూలంటే ఇష్టమని ఆ వనం గీశానని, అంతకు మించి అక్కడ పూలున్నాయని ఎవరికీ చెప్పలేదని. అతని నోట్లో గుడ్డ కుక్కి, గాడిదను ముందుకు తోలారు. వెనక పదాతిదళం దిగింది.

మోకాలి లోతు రాగానే బురద కదిలింది. నల్లని మెత్తని వీపులు ఒకటి వెంట ఒకటి పైకి తేలాయి. ఒక్కొక్కటి ధాన్యం బస్తాలు వేసిన ఎద్దుబండి ప్రమాణంలో ఉంది. కళ్ళు లేవు. ముందువైపు గుండ్రని నోరు, దాని నిండా ముళ్ళ వలయాలు. అవి జలగలు. ముందు వరసలో నడుస్తున్న బంట్లు కేక వేసే వ్యవధి కూడా లేకుండా బురదలోకి జారిపోయారు. మకరందుడి గాడిద ఒక్కసారి ఓండ్రపెట్టి మాయమైంది. అతని తొడకు ఏదో చల్లగా తాకింది. మరుక్షణమే ప్రాణం ఆ ఒక్క చోటి నుంచి తోడేస్తున్నట్టు లాగింది.

ఉద్దండవర్మ అప్పటికే ఏనుగు అంబారీ మీదికి ఎక్కేశాడు. అక్కడి నుంచి పాచికలు తెమ్మని కేకలు వేస్తున్నాడు. హాస్యానికి కాదు. పురోహితుడు నిజంగానే పాచికలు వేశాడు. పెద్ద పందెమే పడింది. జలగలు మాత్రం పాచికల వైపు చూడలేదు.

అప్పుడు బల్లెపు రౌతు గుర్రాన్ని వెనక్కి తిప్పి, వంటసామగ్రి మోసే ఎద్దుల మధ్యకు దూసుకుపోయాడు. ఉప్పుగోనెల తాళ్ళు కోసి, ఎద్దులను బల్లెపు మొనతో పొడిచి, తిన్నగా బురదలోకి తరిమాడు. గోనెలు పగిలాయి. తెల్లని ఉప్పు కుప్పలు కుప్పలుగా ఆ నల్లని వీపుల మీద పడింది. మడుగంతా ఉడుకుతున్న జావలా బుసబుసలాడింది. జలగలు ముడుచుకొని, మెలికలు తిరిగి, తాగిన నెత్తురంతా కక్కుకుంటూ అడుగుకు దిగిపోయాయి. వైజయంతి మకరందుణ్ణి జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చి, నోట్లో గుడ్డ పీకేసింది.

ఒడ్డున పడి అతను వెనక్కి చూశాడు. బురద మీద బంట్ల ఎర్రని తలపాగాలు తేలుతున్నాయి. దూరానికి అవి పూలలా ఉన్నాయి.

భయం తీరాక సేనాపతికి కోపం వచ్చింది. వనాన్ని మడుగుగా మార్చినవాడు మకరందుడేనని, వీడి తల తీసి ముందుకు సాగుదామని ఆజ్ఞాపించాడు. ముందుకు పోతే ఇంకా లోతైన బురద. ఆ వెర్రిబాగుల సైన్యమంతా ఇంకో జాములో దానిలో కలిసిపోతుందని మకరందుడికి అర్థమైంది. చచ్చే ముందు ఒక్క నిజం చెబుతానని, గుడ్డా కుంచే ఇప్పించమని అడిగాడు. చేతుల కట్లు విప్పి ఇచ్చారు.

అతను ఇంతకు ముందెన్నడూ అంత శ్రద్ధగా అబద్ధం గీయలేదు. కాకశృంగం ఒకచోట నిలిచే కోట కాదని, మాయ చేత కదులుతుందని, ఇప్పుడు దానికి దారి ఇలా తిరిగిందని చెబుతూ ఒక బాట గీశాడు. ఆ బాట దక్షిణంగా పోయి, గుట్టలు చుట్టి, చెరకు తోటల గుండా వంపు తిరిగి మళ్ళీ హేమకుండ నగరానికే చేరుతుంది. చివర్న కోట బొమ్మ వేసి సేనాపతికి అందించాడు.

"ఆ దుర్గం అచ్చం మన నగరంలాగే కనిపిస్తుంది, దండనాయకా. మీ ఇల్లు, మీ ఇల్లాలు, మీ వాకిట్లో కుక్కతో సహా. అంతా మాయ. అక్కడ కత్తి దూసినవాడు కాకి అయిపోతాడు. నోరు మూసుకొని లోపలికి పోయి, పెట్టింది తిని, మహారాజు బయటపడేదాకా కూర్చోండి. అదొక్కటే ఉపాయం."

నిజం చెప్పినప్పుడు గుడ్డ కుక్కిన నోటికి, అబద్ధం చెప్పగానే పన్నీరు అందింది. మనిషిని మాత్రం వదల్లేదు. నక్కలకు ఆహారమైపోవాలని ఒక తుమ్మచెట్టుకు కట్టేసి, సైన్యం భేరీలు మోగిస్తూ ఇంటిదారి పట్టింది.

వెనకబడిన రౌతు ఒకడు తిరిగి వచ్చి కట్లు కోశాడు. తలపాగా విప్పి, మీసం పీకి పారేశాడు. వైజయంతి ముఖంలో కృతజ్ఞతా లేదు, జాలీ లేదు.

"వాళ్ళను ఇంటికి పంపావు. ఎందుకు?"

"వాళ్ళతో వేగలేక" అన్నాడు మకరందుడు. అతని చూపు మడుగు వైపే ఉంది.

ఆమె ఆ చూపును గమనించింది. నీ పటంలో నిజమైనది ఒక్కటైనా ఉందా అని అడిగింది. రంగులు నిజమైనవేనని అతను చెప్పాడు. ఎరుపు ఇంగిలీకం నుంచి వస్తుంది. నలుపు దీపపు మసి. పచ్చరంగు మటుకు ఒక మట్టి. ఉత్తరాన చిలుకలోయ అనే చోట తప్ప ఎక్కడా దొరకదని, నీళ్ళు పోసి తోమినా పోదని రంగులమ్మేవాళ్ళు గొప్పలు చెబుతుంటారు. చెబుతూ చెబుతూ అతను ఆగిపోయాడు. ముత్యాల వర్తకుడి అరికాళ్ళు కళ్ళముందు కదిలాయి.

ఇద్దరూ ఒకే గుర్రం మీద ఉత్తరానికి తిరిగారు.

చిలుకలోయను చూసిన వాడెవడూ దాన్ని మరిచిపోలేడు. రెండు వైపులా ఆకాశాన్ని ఒరుసుకునే కొండచరియలు, పై నుంచి కింది దాకా చిలుక రెక్కల పచ్చదనం. చరియల మీదినుంచి జారే జలపాతాలు పచ్చలు కరిగించి పోసినట్టున్నాయి. వాటి తుంపర మీద ఎండ పడి, ఆ చరియకూ ఈ చరియకూ మధ్య ఇంద్రధనుస్సులు తోరణాలు కట్టాయి. అక్కడి గాలి పచ్చన, నీడ పచ్చన. చివరికి దారి పక్కన పడి ఉన్న ఎముకలకు కూడా పచ్చదనం పట్టింది. రెండు చరియలనూ కలుపుతూ ఊడలతో అల్లిన వంతెన ఒకటి, దాని కింద అడుగు కనిపించని పొగమంచు. వంతెనకు ఆవల గుహ. గుహ ముందు తాటిచెట్టంత ఎత్తున ఒక భూతం కాళ్ళు బారజాపి కూర్చొని ఉంది.

ఆ ఆట తెలిసినవాడి ఇంట పటం గీసేవాడూ ఉంటాడని లెక్కవేసి, మకరందుడు రంగులమ్మేవాడి వేషం కట్టాడు. వైజయంతి రౌతు దుస్తులు విడిచి, దారిలో సంపాదించిన చీర కట్టి, కుచ్చిళ్ళు పైకి దోపి, పచ్చమట్టి మూట నెత్తిన పెట్టుకుంది. కత్తి ఆ మూటలోనే ఉంది.

"ఎవుర్రా మీరు?" అంది భూతం.

"రంగులోళ్ళం దొరా. లోన పటాలు రాసే అయ్యోరికి ఇంగిలీకం కావాలంటే మోసుకొచ్చాం. ఇది నా ఆడది. మాటలు రావు."

వైజయంతి చూసిన చూపుకు ఆ మూటలోని మట్టి కాలిపోవలసింది. భూతం ఆవులించింది. పటాలు రాసే ముసలిది మొన్ననే పోయిందని, అయినా లోపలికి పొమ్మని, దొరగారు వాళ్ళ కోసమే ఎదురు చూస్తున్నారని చెప్పింది. తన వేషం ఎంత బాగా కుదిరిందోనని మురిసిపోతున్న మకరందుడికి ఆ చివరి మాట చెవికెక్కలేదు. వైజయంతికి ఎక్కింది. ఆమె చెయ్యి మూటలోకి పోయింది.

గుహ లోపల ఒక విశాలమైన మంటపం. నడుమ పరిచిన పటం, చిత్రశాలలోని దానికి పదింతలు. దాని చుట్టూ దేశదేశాల రాజులు కూర్చున్నారు. తలమీద కిరీటాలు, మెడలో రత్నహారాలు, పెదవుల అంచున చొల్లు. పాచికలు గలగలమంటున్నాయి. "నేను అగడ్త దాటాను", "నేను రాక్షసిని నరికాను" అనుకుంటూ గొణుగుతున్నారు. దగ్గరికి పోయి చూస్తే వాళ్ళ కాళ్ళు రాళ్ళు. కొందరికి నడుము దాకా, కొందరికి గుండె దాకా రాయి పాకింది. చిట్టచివరన ఒకాయన మొత్తం శిల అయిపోయాడు. కుడిచేతి వేళ్ళు మాత్రం ఇంకా పాచికలు దొర్లిస్తున్నాయి. ఎవరికీ ఆ ధ్యాసే లేదు.

గజకేతు మహారాజు మోకాళ్ళ దాకా రాయి అయి, మహదానందంగా ఉన్నాడు. కూతుర్ని చూసి, సమయానికి వచ్చావు, మా దండులో ఒక వీరవనిత తక్కువైంది అంటూ చెయ్యి పట్టి లాగి, అరచేతిలో పాచికలు పెట్టాడు. వైజయంతి వేళ్ళు ఆ క్షణానే బూడిదరంగుకు తిరిగాయి. కత్తి జారి కింద పడింది.

స్తంభం చాటు నుంచి కాలజంఘుడు వచ్చాడు. ఇప్పుడు పట్టు అంగరఖా లేదు. పులితోలు, పచ్చని జడలు, మోకాలి నుంచి పాదం దాకా కొంగకాళ్ళ వంటి నల్లని పిక్కలు.

"కాకశృంగం పేరు ఎందుకు చెప్పానో తెలిసిందా?" అన్నాడు. "మూర్ఖులందరూ అక్కడికి పోతారు. అది లేదని తెలిసినవాడు ఒక్కడే ఇక్కడికి వస్తాడు. నాకు కావలసింది వాడే."

తర్వాత అతను ప్రేమగా, మేనల్లుడికి చెప్పినట్టు చెప్పాడు. పటం అయిపోతే రాజులు మేలుకుంటారు. ముందుకు గీస్తూ పోయే చెయ్యి ఉన్నంత కాలం వాళ్ళు ఇక్కడి నుంచి కదలరు, వాళ్ళ రాజ్యాలు తనవి. గీసిన ముసలిది చచ్చిపోయింది. మకరందుడు ఆ చోట కూర్చుంటే సగం భూమి అతనిది. ఎలాగూ నువ్వు వీళ్ళను మనుషుల కింద లెక్కపెట్టవు కదా, నేనూ అంతే, మనిద్దరం ఒకటే అని నవ్వాడు.

మకరందుడు ఆ నవ్వును చూశాడు. అది తాను రోజూ నీళ్ళగిన్నెలో చూసుకునే నవ్వే. పరాయి ముఖం మీద అది ఎంత నీచంగా ఉందో అతనికి ఇప్పుడే తెలిసింది. వైజయంతి మోచేతి దాకా రాయి ఎక్కుతోంది. ఆమె ఇప్పుడేం చేస్తావో చూస్తానన్నట్టు కన్నెత్తి చూసింది, అంతే.

"రంగులు తెప్పించు" అన్నాడు మకరందుడు.

కొత్త దేశం వస్తోందని రాజులందరూ మెడలు చాచారు. అతను కుంచె ముంచి గీయడం మొదలుపెట్టాడు. కొండ గీయలేదు, కోట గీయలేదు. ఆ మంటపాన్నే గీశాడు, కంటికి కనిపించింది కనిపించినట్టుగా. స్తంభాలు, గుహ ద్వారం, నడుమ పటం. చుట్టూ ఒక్కొక్క రాజునూ వాడి బొజ్జతో, వాడి చొల్లుతో, వాడి రాతికాళ్ళతో గీశాడు. జీవితంలో మొదటిసారి అతను ఉన్నదాన్ని గీస్తున్నాడు. ఎవరి మీదా అతనికి దయ రాలేదు.

పక్కవాడి బొమ్మ చూసి ఒక రాజు కిసుక్కున నవ్వాడు. ఆ పక్కవాడు వీడి బొమ్మ చూసి పడీపడీ నవ్వాడు. నవ్వు మంటపమంతా పాకింది. ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, మెల్లమెల్లగా ఒక్కొక్కడూ పటంలో తన బొమ్మను చూసుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. తలలు వంచి కాళ్ళు చూసుకున్నారు. ఎక్కడో రాయి పగిలిన చప్పుడైంది, ఆ వెంటనే ఇంకొకటి. మరుక్షణంలో మంటపమంతా పెంకులు రాలినట్టు రాళ్ళు రాలాయి. పెద్దపెద్ద చక్రవర్తులు పాకుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ, గుహ వెనకవైపు సొరంగాల్లోకి పరుగుతీశారు.

వైజయంతి రాయి వదిలిన చెయ్యి విదిలించి కత్తి అందుకుంది. కాలజంఘుడు మంత్రం అందుకోబోతుంటే పచ్చరంగు చిప్ప అతని నోట్లోకే విసిరాడు మకరందుడు. మంత్రం గొంతులో ఇరుక్కుంది. ఆ సందులో ఇద్దరూ గజకేతును రెక్కలు పట్టి లేవదీశారు. ఆయన మోకాళ్ళ కింద మాత్రం ఇంకా రాయే. ఎందుకంటే ఆ మంటపంలో తన బొమ్మ వైపు చూడనివాడు ఆయనొక్కడే.

"దింపండి నన్ను. నా పందెం మిగిలే ఉంది. పన్నెండు పడింది" అని ఆయన తన్నుకుంటూనే ఉన్నాడు.

గుమ్మం దగ్గర భూతం ఇంకా ఆవులిస్తూనే ఉంది. దాని కాళ్ళ సందులోంచి దూరి వంతెన మీద పడ్డారు. ఊడలు కిరకిరలాడాయి. రాతికాళ్ళ మహారాజు బరువుకు ఒక్కొక్క అల్లికా పుటుక్కున తెగుతోంది. నడుమకు వచ్చేసరికి తలమీద నీడ పడింది. కాలజంఘుడు పచ్చని రాబందు అయి, రెక్కలు చాచి వచ్చి, ఆవలి ఒడ్డున వాలి, ముక్కుతో ఊడలు కొరకసాగాడు. వెనక్కి తిరిగి చూస్తే భూతం గుహవైపు ఒడ్డున వంతెన మొదలు పట్టుకొని పెకలిస్తోంది.

ఆవలి కొస తెగింది. వంతెన నిట్టనిలువునా వేలాడి చరియకు కొట్టుకుంది. పైన భూతం దాన్ని చేంతాడు చేదినట్టు చేదుతోంది. వైజయంతి ఒక చేత్తో ఊడ, ఒక చేత్తో తండ్రి నడికట్టు పట్టుకుంది. అదే ఊడకు మకరందుడూ వేలాడాడు. కింద పచ్చని పొగమంచు సుడులు తిరుగుతోంది.

గజకేతు మహారాజు మొదటిసారి కిందికి చూశాడు. కాళ్ళు బరువుగా లాగుతున్నాయి. పాచికలు గుప్పిట్లోంచి జారి మంచులోకి పోయాయి. ఎంతసేపు విన్నా అవి దేనికీ తగిలిన చప్పుడు రాలేదు.

"మకరందా, కింద ఏముంది?" అని అడిగాడు, ఎప్పటిలాగే.

నీలాల సరస్సు అనవచ్చు. దూదిపూల మైదానం అనవచ్చు. అంతకంటే అందమైనవి ఎన్నో ఆ క్షణాన మకరందుడి నాలుక చివరికి వచ్చాయి.

"నాకు తెలియదు, ప్రభూ" అన్నాడు.

మహారాజు ఆ మాట నమ్మాడు. నమ్మి, చిన్నపిల్లవాడిలా భోరున ఏడుస్తూ, చిత్రకారుడి మెడను రెండు చేతులా కరుచుకున్నాడు. వైజయంతి పైనుంచి దిగివస్తున్న భూతం చేతిని ఒకసారి చూసింది, కింది మంచును ఒకసారి చూసింది. తర్వాత తండ్రి నడికట్టు వదిలి, నడుముకు దోపిన కత్తి దూసి, తల మీదుగా చెయ్యెత్తి తమను మోస్తున్న ఊడను తెగనరికింది.